నిదానం వేసుకున్న మాత్ర

దుప్పటి మడత పెట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. మీ ఇంట్లో కప్పుకునే దుప్పటి సంగతి వేరు. నేను చెప్పేది ఆసుపత్రులకీ హోటళ్లకీ వెళ్లే పొడవాటి తెల్ల దుప్పట్ల గురించి. దానికి ఇద్దరు కావాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని బిగించి లాగాలి, మధ్యకి మడవాలి, ఎదురెదురుగా నడిచి వచ్చి ఒకరి కొసలు ఇంకొకరి చేతిలో పెట్టాలి, మళ్లీ వెనక్కి నడవాలి. ఎదుటి మనిషి తొందరపడితే మడత వంకర పోతుంది. బద్ధకిస్తే దుప్పటి నేల మీద జీరాడి మళ్లీ ఉతుక్కి పోతుంది. మా లాండ్రీలో చాలాకాలం నాకు ఎదుటి మనిషి నిదానం. ఇప్పుడు వేరే అమ్మాయి వచ్చింది. వట్టి తొందర మనిషి, మడతలన్నీ వంకరే.

నిదానం అతని అసలు పేరు కాదు. అసలు పేరు పెట్టి పిలిస్తే అతనే వెంటనే తిరిగి చూడడు. పనిలో చేరిన కొత్తలో మా సూపర్‌వైజర్ అతని వెనకాల నిలబడి, "ఏంటయ్యా, దుప్పటి మడుస్తున్నావా, దానికి పురుడు పోస్తున్నావా?" అని కేకలు వేసేవాడు. కొన్నాళ్లకి కేకలు వేసే ఓపిక ఆయనకే పోయింది. నిదానం అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ పేరే ఉండిపోయింది. కోపం లేదు, తొందర లేదు, ఒక మాట అడిగితే జవాబు వచ్చేలోపు మనం ఆ సంగతి మర్చిపోయి ఇంకో పనిలో పడతాం. అయితే అతను మడిచిన దుప్పటి ఏ ఆసుపత్రి నుంచీ ఎప్పుడూ వెనక్కి రాలేదు.

పొద్దున పూట అతని పని రోలర్ దగ్గర. తడి దుప్పటిని రెండు చేతులా పరిచి, కాలే ఇనుప రోలర్ల మధ్యకి అందించాలి. అవి దాన్ని లాక్కుని అవతలి వైపు పొడిగా, ఇస్త్రీ అయినట్టు వదులుతాయి. వెనక గోడకి ఆనుకుని బాయిలర్ నుంచి వచ్చే ఆవిరి గొట్టం ఉంటుంది. ముందు రోలర్, వెనక గొట్టం, ఆ రెంటి మధ్య ఒక మనిషి నిలబడేంత చోటు. పెళ్లికి ముందు నుంచీ అతను నిలబడింది ఆ చోట్లోనే. నేనొకసారి అతను సెలవు పెట్టిన రోజున అక్కడ పని చేసి, సాయంత్రానికి ఇంట్లో వాళ్లు పలకరించినా పలికే ఓపిక లేక గోడకి చేరగిలబడిపోయాను.

భోజనాలయ్యాక రోలర్ ఆపి, గుట్టగా పడినవన్నీ ఇద్దరం మడిచేవాళ్లం. రోలర్ ఆగినా ఉతికే డ్రమ్ముల మోత ఆగదు. ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. కొసలు అందించడానికి ఎదురెదురుగా వచ్చి, చేతికి చెయ్యి తగిలేంత దగ్గరైనప్పుడే మాట చెవిన పడుతుంది. ఒక్క మాట. ఆ తర్వాత వెనక్కి నడవాల్సిందే. అందుకని మా దగ్గర కబుర్లన్నీ ముక్కలు ముక్కలుగా సాగుతాయి, ఒక చిన్న గొడవ చెప్పాలన్నా బండెడు దుప్పట్లు పడతాయి. నాకు నోరు పెద్దది, ఓపిక తక్కువ. నాకిది శిక్షే. నిదానానికి మాత్రం భలే కుదిరింది. ఒక మాట చెప్పాక తర్వాతి మాట కూడబలుక్కోవడానికి అతనికి తీరిక దొరికేది.

భోజనాల వేళ అతను క్యారియర్ పై గిన్నె తీసి, అందులో చిన్న కాగితం పొట్లం విప్పి, పచ్చటి మాత్ర ఒకటి తీసేవాడు. గోడ వైపు తిరిగి, దొంగచాటుగా సిగరెట్ కాల్చేవాడిలా గబుక్కున మింగేవాడు. అతను గబుక్కున చేసే పని అదొక్కటే కాబట్టి నా కళ్లబడింది.

"ఏంటది?" అని అడిగాను.

"బలానికి అక్కా."

"ఎక్కడికి పోతోంది ఆ బలం? దుప్పటి లాగితే నువ్వే వచ్చి నా మీద పడుతున్నావు."

నవ్వాడు. బీపీయో, షుగరో అయి ఉంటుంది, చెప్పుకోవడం ఇష్టం లేదు కాబోలని ఊరుకున్నాను. మాకు అందరికీ ఏదో ఒక మాత్ర ఉంది. నా మోకాళ్లకి నేను మింగేవి లెక్కపెడితే నాకే నవ్వొస్తుంది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం అతను కళ్లు ఎర్రగా చేసుకుని మడతకి వచ్చాడు. కొసలు అందిస్తూ, "అక్కా, అది బలానికి కాదు," అన్నాడు. వెనక్కి నడిచాడు. లాగాం, మడిచాం, మళ్లీ దగ్గరికి వచ్చాం. "పిల్లల కోసం," అన్నాడు. మళ్లీ వెనక్కి. మూడోసారి వచ్చినప్పుడు ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాతి దుప్పటికి, "లోపం తనది కాదు, నాది," అన్నాడు. నా చేతిలోంచి కొస జారిపోయింది.

అతని సంసారం సంగతి మాకందరికీ తెలుసు. తెలుసనే అనుకున్నాం. పెళ్లయి ఏళ్లు గడిచాయి, పిల్లలు లేరు. అతని పెళ్లానికి ఏదో ఉందని అతని తల్లి అందరితోనూ అనేది. మేమూ ఆ మాటే నమ్మాం. ఆడదాన్ని చూడగానే లోపం ఆమెలోనే వెతకడం మాకు చిన్నప్పుడే అబ్బిన విద్య. ఆ మధ్యాహ్నమంతా ముక్కలు ముక్కలుగా అతను చెప్పింది నేనిక్కడ కలిపి చెబుతున్నాను.

వాళ్లమ్మ పోరు పడలేక ఇద్దరూ ఒక క్లినిక్‌కి వెళ్లారు. అక్కడి డాక్టరమ్మ ఇద్దరికీ పరీక్షలు చేస్తే గానీ మాట్లాడనంది. అతని పెళ్లానికి అన్నీ బాగానే ఉన్నాయి. ఇతనికి ఉండాల్సినన్ని వీర్యకణాలు లేవు, ఉన్నవాటిలో చురుకు లేదు. ఆ మాట ఇద్దరూ విన్నారు. తర్వాత ఆమెని రక్తం ఇవ్వడానికి పక్క గదిలోకి పంపి, డాక్టరమ్మ ఇతన్ని ఏం పని చేస్తారని అడిగింది. చెప్పాడు.

"ముందు ఆ వేడి దగ్గర్నించి తప్పుకోండి. వేరే పనిలోకి మార్చమని అడగండి," అందట. "మాత్ర కూడా రాస్తున్నాను, ఫోలిక్ యాసిడ్ అంటారు. మగవాళ్లకి దానివల్ల లాభం ఉందని కొందరంటారు, ఏమీ లేదని కొందరంటారు. నేనైతే మాట ఇవ్వలేను. హాని లేదు కాబట్టి వేసుకోండి. మీ ఆవిడకి మాత్రం అది తప్పనిసరి. కడుపు పండక ముందు నుంచే వేసుకోవాలి. బిడ్డ వెన్నెముక తయారయ్యేది మొదటి కొద్ది వారాల్లోనే. అప్పటికి తల్లికే ఇంకా తెలియదు. తెలిశాక మొదలుపెడితే ఆలస్యమైపోతుంది."

నిదానం తలూపాడు. ఇద్దరికీ ఒకే మాత్ర, చెరొకటి. మందుల చీటీ మీద మాత్రం కలిపి రోజుకు రెండు అని రాసి ఉంది. ఇంటికొచ్చేసరికి వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "ఏమందిరా డాక్టరు?" అని అడిగింది. నిదానం నీళ్లు నమిలాడు. అతని నోట్లోంచి మాట ఊడిపడే లోపు పెళ్లామే అందుకుని, "నాకు మాత్రలు రాశారు అత్తయ్యా, రోజుకు రెండు," అనేసింది. ఆ ఒక్క మాటతో అతని పరువు నిలబడింది. తన పరువు ఎలాగూ ఎప్పుడో పోయింది కాబట్టి కొత్తగా పోయేదేమీ లేదనుకుంది కాబోలు. అతను ఆ మాటని దిద్దలేదు. ఆ రోజు దిద్దలేదు, మర్నాడూ దిద్దలేదు. రోజులు గడిచేకొద్దీ దిద్దడం ఇంకా కష్టమైంది.

వాళ్లింట్లో ఒక పద్ధతుంది. మందు ఎవరిదైనా సరే వాళ్లమ్మ చేతి మీదుగానే వెళ్లాలి. ఆమె మొగుడు, ఒంట్లో తేలిగ్గా ఉంది కదా అని ఎవరికీ చెప్పకుండా మందులు మానేసి, ఆ మానేయడంతోనే పోయాడు. అప్పటి నుంచీ ఆమె రేకు డబ్బాలో మందులన్నీ తన దగ్గరే పెట్టుకుని, వేళకి తీసి చేతిలో వేసి, గ్లాసు అందించి, గుటక పడేదాకా ఎదురుగా నిలబడుతుంది. కోడలికి రెండు మాత్రలూ అలాగే ఇచ్చేది. ఆ పిల్ల ఒకటి నోట్లో వేసుకుని, రెండోది వేళ్ల సందున దాచేది. అదే మర్నాడు పొట్లమై క్యారియర్లోకి వచ్చేది.

"మరి నీది నువ్వే కొనుక్కుని ఇక్కడ పెట్టుకోవచ్చుగా?" అన్నాను.

"షాపు మా సందు చివరే. ఆయన అమ్మకి చెప్పేస్తాడు."

"ఊరంతటికీ అదొక్కటే షాపా?"

రెండు దుప్పట్లు మడిచాక జవాబొచ్చింది. "అడగడానికి నోరు రాలేదక్కా."

"పోనీ, పని మార్చమని సూపర్‌వైజర్ని అడిగావా?"

"ఎందుకని అడిగితే ఏం చెప్పను?"

నాకు ఒళ్లు మండింది. డాక్టరమ్మ తప్పుకోమన్న వేడి దగ్గర పొద్దున్నుంచీ నిలబడి, ఆవిడే పూచీ పడలేనన్న మాత్రని మధ్యాహ్నం గోడ వైపు తిరిగి మింగుతున్నాడు. చేయాల్సింది వదిలేసి, చేయడానికి సులువైంది చేస్తున్నాడు. ఆ మాటే మొహం మీద అన్నాను. అతను కొసలు నా చేతిలో పెట్టి, "మాత్ర వేసుకుంటే ఏదో ఒకటి చేస్తున్నట్టుంటుంది అక్కా," అన్నాడు. అలా ఏదో ఒకటి చేస్తున్నట్టుండే పనులు నాకూ ఇంట్లో బోలెడున్నాయి.

తర్వాత ఆ సంగతి మేం మళ్లీ ఎత్తలేదు. ఎండలు పోయి వానలొచ్చాయి. వానాకాలం మాకు గడ్డు కాలం. దుప్పట్లు ఆరవు, అన్నిటినీ రోలర్ మీదే ఆరబెట్టాలి, అది భోజనాల వేళ దాటినా ఆగదు. నిదానం ఆ గొట్టానికీ రోలర్‌కీ మధ్య నిలబడి ఇంకాస్త చిక్కిపోయాడు. రోజూ పొట్లం విప్పడం, గోడ వైపు తిరగడం మాత్రం మానలేదు.

వానలు తగ్గుముఖం పట్టాక, ఒక రోజు అతను క్యారియర్ ఇంట్లో మర్చిపోయాడు. మధ్యాహ్నానికి పెళ్లాం పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. అతను రోలర్ వదిలి కదలడానికి లేదు కాబట్టి నేను వెళ్లాను. ఆ పిల్లని అంతకు ముందు ఒకటి రెండు సార్లు చూశాను. కుట్టుపని చేస్తుంది, వేళ్లకి ఎప్పుడూ సూది గుచ్చుకున్న గుర్తులుంటాయి. మనిషి బాగా నలిగిపోయింది. నిద్ర సరిగా లేని కళ్లు.

"పొట్లం పై గిన్నెలో ఉంది వదినా. ఆయనకి కాస్త గుర్తు చెయ్యండి," అంది.

నాకు తెలుసని ఆమెకి తెలుసన్నమాట. సరే అని, ఊరికే అడిగినట్టు, "నీ మాత్ర నువ్వు వేసుకుంటున్నావా?" అన్నాను.

"నాదెక్కడిది వదినా, ఇప్పుడు ఒకటే కదా."

"ఒకటేంటి?"

"అత్తయ్య ఒకటి తగ్గించేసింది. రెండేసి మింగితే వేడి చేస్తుందనీ, ఇన్నాళ్లూ కడుపు రాకపోవడానికి ఆ వేడే కారణమనీ ఎవరో చెప్పారట. వానలు మొదలైనప్పటి నుంచీ ఒకటే ఇస్తోంది."

"ఆ ఒక్కటీ అతనికి పంపేస్తున్నావా?"

"లోపం ఉన్నవాళ్లకే కదా వదినా మందు. నేను బాగానే ఉన్నానన్నారుగా. తోడుగా ఉంటుందని నాకూ రాసినట్టున్నారు." చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆయనకి మాత్రం చెప్పకండి. ఒకటే అని తెలిస్తే వేసుకోవడం మానేస్తారు." కాస్త ఆగి, అటూ ఇటూ చూసి, "ఈ నెల ఆలస్యమైంది వదినా. ఎవరితోనూ అనకండి. ఆశపడటానిక్కూడా నాకు ఓపిక లేదు," అంది.

రక్తం ఇవ్వడానికి పక్క గదిలోకి వెళ్లిన మనిషి ఆ మాటలు ఎలా వింటుంది? వినకపోతే మొగుడు చెప్పి ఉండాలి. మొగుడు చెప్పలేదు. ఈ పిల్ల తనకి అవసరమైన మాత్రని, పని చేస్తుందో లేదో తెలియని చోటికి రోజూ పొట్లం కట్టి పంపుతోంది. ఒకవేళ ఈ నెల ఆలస్యం నిజమే అయితే, మొదటి కొద్ది వారాలంటే ఇవే. నేను నోరు మూసుకునే రకం కాదు. డాక్టరమ్మ అన్నదంతా అక్కడే గేటు దగ్గర చెప్పేశాను, వెన్నెముక మాటతో సహా.

ఆమె వింటూనే గేటు ఊచ పట్టుకుంది. "నాతో అనలేదే," అంది.

"నీ మొగుడితో అంది."

ఆమె ఏడవలేదు, అరవలేదు. క్యారియర్ పై గిన్నె తీసి, పొట్లం విప్పి, గేటు పక్క కుళాయి దగ్గర దోసిలి పట్టి ఆ మాత్ర మింగేసింది. ఖాళీ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి నా చేతిలో పెట్టింది.

"ఇది ఆయనకివ్వండి. ఇంకో మాత్ర కావాలంటే ఎందుకని అత్తయ్య అడుగుతుంది వదినా. ఒకసారి ఆయన బదులు నేను చెప్పాను. ఈసారి చెప్పను. ఆయన్నే చెప్పమనండి," అని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం మడతకి దిగినప్పుడు మొదటి దుప్పటికే అతని చేతిలో కొసలతో పాటు ఆ కాగితం పెట్టాను. "ఇవాళ నీ మాత్ర నీ పెళ్లాం వేసుకుంది," అన్నాను. అతనికి అర్థం కాలేదు. వెనక్కి నడిచి, దూరం నుంచి కాగితం వంకా నా వంకా చూశాడు. తర్వాతి దుప్పటికి, వానలు మొదలైనప్పటి నుంచీ వాళ్లమ్మ ఇస్తున్నది ఒక్కటే మాత్ర అని చెప్పాను. ఆ తర్వాతి దానికి, అది అతనే మింగుతున్నాడని చెప్పాను. ఎవరితోనూ అనొద్దని ఆ పిల్ల అన్న మాట నాకు గుర్తుంది. అయినా ఆ తర్వాతి దుప్పటికి నెల తప్పిన సంగతీ చెప్పేశాను.

అతను కదల్లేదు. దుప్పటి మా ఇద్దరి మధ్యా వాలిపోయి నేల మీద పడింది. అతని చేతిలో దుప్పటి నేలకి తగలడం నేను చూడటం అదే మొదలు. సూపర్‌వైజర్ దూరం నుంచి చూసి ఏదో అరిచాడు. నేను చెయ్యి ఊపి, ఆ దుప్పటిని ఉతికే బుట్టలో పడేశాను.

నిదానం నా దగ్గరికి నడిచి వచ్చి, దుప్పటి లేకుండానే ఎదురుగా నిలబడ్డాడు. "చెప్పాననే అనుకున్నానక్కా," అన్నాడు.

"ఎవరికి?"

"తనకి. డాక్టరమ్మ అన్నది. చెప్పాననే అనుకుంటున్నాను ఇన్నాళ్లూ."

అతను అబద్ధం ఆడటం లేదు. మనసులో చాలాసార్లే చెప్పి ఉంటాడు. ఏ మాట అనాలో, ఎక్కడ మొదలుపెట్టాలో కూడబలుక్కుంటూ, ఆ కూడబలుక్కోవడంతోనే చెప్పడం అయిపోయిందనుకుని ఉంటాడు. నాకు తిట్టాలనిపించింది. ఇద్దరం అలిసిపోయి ఉన్నాం, ఇంకా సగం గుట్ట మిగిలే ఉంది. వంగి ఇంకో దుప్పటి తీశాను.

గుట్ట అయిపోయే వేళకి అతను, "సాయంత్రం మా ఇంటికి రా అక్కా. నువ్వేం మాట్లాడొద్దు. ఊరికే కూర్చో," అన్నాడు.

వాళ్లది మేడ మీద రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషన్, దాని మీద సగం కుట్టిన జాకెట్టు. గోడవారన మంచం, చిన్న బల్ల, ఆ బల్ల మీద రేకు డబ్బా. వాళ్లమ్మ నన్ను చూసి సంతోషించింది. ఆమె చెడ్డ మనిషి కాదు, నేనీ మాట ఎవరి దగ్గరైనా చెబుతాను. మొగుడు పోయాక కొడుకుని ఒంటి చేత్తో పెంచింది. మంచినీళ్ల కోసం లేవబోతే, నా మోకాళ్లు చూసి లేవనివ్వలేదు, తనే తెచ్చిచ్చింది.

"నువ్వైనా చెప్పమ్మా దానికి," అని మొదలుపెట్టింది, కోడలు లోపల గిన్నెలు సర్దుతుంటే వినపడేలాగే. "తిండి సరిగా తినదు, నిద్ర పోదు. ఇంక మందు ఏం పని చేస్తుంది? ఇన్ని మాత్రలు మింగించాను. రాయి మీద పోసిన నీళ్లయిపోయాయి."

నేను నాలుక కరుచుకుని నిదానం వైపు చూశాను. అతను కుట్టుమిషన్ దగ్గర స్టూలు మీద కూర్చుని, తన అరచేతులు చూసుకుంటున్నాడు. రోలర్ కాలిన మచ్చలు ఆ చేతుల నిండా ఉన్నాయి. ఒకసారి నోరు తెరిచాడు. మూశాడు. వాళ్లమ్మ వానల గురించీ, ఇంటి పైకప్పు కారడం గురించీ చెప్పుకుపోయింది. నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. మాట్లాడొద్దన్నాడు కాబట్టి గానీ, నా ప్రాణానికి అంతకంటే కష్టమైన సాయంత్రం ఇంకోటి లేదు.

భోజనాలయ్యాయి. ఆమె చెయ్యి తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చి డబ్బా మూత తీసింది. కోడలు పిలవకుండానే వచ్చి ఎదురుగా నిలబడింది, రోజూ నిలబడే చోటే అయ్యుంటుంది. అత్తగారు అట్టలోంచి పచ్చ మాత్ర ఒకటి నొక్కి తీసి, ఆమె అరచేతిలో వేసి, గ్లాసు అందుకోబోయింది. ఆ పిల్ల మొగుడి వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. అరచేయి చాచి, అలాగే నిలబడింది.

నిదానం లేచాడు. ఆ చిన్న గది దాటడానికి అతనికి చాలాసేపు పట్టినట్టనిపించింది. వచ్చి పెళ్లాం పక్కన నిలబడి, ఆమె చేతి పక్కనే తన చెయ్యీ చాచాడు.

"అమ్మా, నాకూ ఒకటివ్వు."

"నీకెందుకురా? ఆడవాళ్ల మందు అది."

"రోజుకు రెండని రాసింది తనొక్కదానికే కాదు. ఒకటి తనకి, ఒకటి నాకు." మాటకీ మాటకీ మధ్య ఆగుతున్నాడు, అచ్చం దుప్పటి పట్టుకుని వెనక్కి నడుస్తున్నట్టే. "లోపం తనది కాదమ్మా. నాది. మొదట్నించీ నాదే."

వాళ్లమ్మ కోడలి వైపు తిరిగి, "నువ్వేగా నీకని చెప్పావు?" అంది.

"నేను చెప్పాల్సిన మాట తను చెప్పింది," అన్నాడు నిదానం. "రేపు రోలర్ దగ్గర్నించి మార్చమని అడుగుతున్నాను. అక్కడ ఉండొద్దంది డాక్టరమ్మ, ఆ వేడి నాకు పడదట. ఈ మాత్ర వల్ల నాకు పిల్లలు పుడతారని కూడా ఆవిడ చెప్పలేదు. తనకి మాత్రం తప్పకుండా కావాలంది. అదీ నేను ఎవరికీ చెప్పలేదు."

ఆమె మంచం మీద కూర్చుండిపోయింది. "ఇన్నేళ్లూ నేను దాన్ని," అని ఆగింది. మిగతా మాట అనడానికి ఆమెకి మొహం చెల్లలేదు. నాకు ఆమె మీద ఉన్న కోపమంతా ఎటో పోయింది. జాలేసింది.

అప్పుడా పిల్ల చేతిలో మాత్రని బల్ల మీద పెట్టింది. మొగుడితో, "వదిన చెప్పే ఉంటారు. అదేం కాదు. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి నెలసరి వచ్చేసింది," అంది. ఆ మాటలో ఏడుపు లేదు. బజారు నుంచి రావాల్సింది రాలేదని చెప్పినంత మామూలుగా అంది. "మీరు ఈ మాట ఎప్పుడంటారా అని ఎన్నేళ్లు చూశానో నాకే తెలియదు. అన్నారు. ఇప్పుడు వినే ఓపిక లేదు నాకు. పడుకుంటాను."

లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. నిదానం చాచిన చెయ్యి ఇంకా చాచే ఉంది.

కాసేపటికి వాళ్లమ్మ లేచి డబ్బా దగ్గరికి వచ్చింది. ఏం చేయాలో తెలియనప్పుడు మనిషి రోజూ చేసే పనే చేస్తుంది. ఇంకో మాత్ర నొక్కి తీసి, బల్ల మీద ఉన్నదాంతో కలిపి రెండూ అరచేతిలో పెట్టుకుని, లైటు కిందికి పట్టుకుని చూసింది.

"ఇందులో నీదేదిరా, దానిదేది?"

"రెండూ ఒకటేనమ్మా."

ఒకటి కొడుకు చేతిలో వేసింది. గ్లాసు అందించింది. అలవాటు కొద్దీ ఎదురుగా నిలబడి, అతని గొంతులో గుటక దిగేదాకా చూసింది. అతను కళ్లెత్తకుండా మింగాడు. తర్వాత ఆమె గ్లాసులో మళ్లీ నీళ్లు పోసి, రెండో మాత్ర పట్టుకుని లోపలి గది దాకా వెళ్లింది. తలుపు తోయడానికి చెయ్యి ఎత్తి, తోయలేక నిలబడింది.

"అమ్మాయ్," అంది మెల్లగా.

లోపల్నుంచి ఆ పిల్ల గొంతు, నిద్రకి సిద్ధమైన గొంతు, వినపడింది.

"అక్కడ పెట్టి వెళ్లండి అత్తయ్యా. నేనే వేసుకుంటాను."

ఆమె గ్లాసూ మాత్రా గుమ్మం పక్కన స్టూలు మీద పెట్టింది. గుటక కోసం ఆగకుండా వచ్చి నా పక్కన కూర్చుంది.